తెర వెనుక మోటారు

మేష్టారు పోయిన రోజున ఆ వీధిలో సగం మంది నోరు తెరవకుండా ఏడ్చారు. గట్టిగా ఏడిస్తే పళ్ళు జారిపోతాయని వాళ్ళ భయం. జారితే మళ్ళీ కూర్చోబెట్టే మనిషి ఎదురుగా మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడాయె. అందుకని అందరూ పెదవులు బిగించి, ముక్కులతోనే ఏడ్చి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు.

మేష్టారు కట్టుడు పళ్ళు చేసేవారు. పళ్ళ డాక్టరు గారు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చును బట్టి మైనంలో పళ్ళు పేర్చి, గులాబీ రంగు చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగు పెట్టి తిరిగి పంపేవారు. మా అమ్మాయి పందొమ్మిదో ఏట ఆయన దగ్గర పనిలో చేరింది. ఇప్పటికి ఎనిమిదేళ్ళు.

చేరిన రోజే నాకు గుండెల్లో రాయి పడింది. అరగదీస్తే లేచే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే? మోటారులో జడ చిక్కుకుంటే? ఎవరెవరి నోళ్ళలోంచో తీసిన అచ్చులు, వాటిలో ఏ జబ్బు దాక్కుని ఉందో! ఈ భయాలన్నీ ఎవరికీ చెప్పకుండా, రోజూ పన్నెండున్నరకు అన్నం డబ్బా పట్టుకుని కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాను. పిల్ల పది వేళ్ళూ పదిలంగా ఉన్నాయో లేదో చూసుకుని వస్తే ఆ పూటకు మనసు కుదుటపడేది.

"డబ్బా పిల్లే పొద్దున్న పట్టుకెళ్ళచ్చు కదే," అనేవారు మా ఆయన. ఆయన సిటీ బస్సు నడుపుతారు. ఎదురుగా లారీ వస్తున్నా ఆవలించగల మనిషి.

"చల్లారిపోదూ?" అనేదాన్ని.

"అన్నం కాదు, నువ్వు చల్లారాలి."

మేష్టారు పోయారని తెలిసినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ముందు రోజే ఆయనకు మా డబ్బాలోంచి ఒక గరిటెడు కూర పెట్టాను. అందులో ఏదైనా పడిందేమో, నా చేతుల మీదుగా మనిషి పోయాడేమో అని చెమటలు పట్టాయి. మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలో పేపరు చదువుతూ అలాగే ఒరిగిపోయారట. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పేదాకా నేను ముద్ద మింగలేదు.

ఆ తర్వాత వచ్చిన భయం మాత్రం ఉత్తుత్తిది కాదు.

మేష్టారి పద్ధతి ఒకటి ఉండేది. కొట్టు ఒకే గది. ముందు బల్ల, కిటికీ పక్కన మా అమ్మాయి పీట, అరగదీసే చిన్న మోటారు. వెనుక ఒక ఆకుపచ్చ తెర. తెర వెనుక మేష్టారి చోటు, ఆయన మోటారు. మా అమ్మాయి పళ్ళ సెట్టంతా తనే చేసి, తెల్లగుడ్డ మీద పెట్టి ఆయన చేతికిచ్చేది. ఆయన కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ" అని, తెర వెనక్కి వెళ్ళేవారు. మోటారు గుర్రుమనేది. ఐదు నిమిషాల తర్వాత బయటికొచ్చి, "ఇప్పుడు కూర్చుంది," అనేవారు. ఏ ఒక్క సెట్టూ ఆ ఐదు నిమిషాలు లేకుండా గడప దాటలేదు.

పళ్ళు సరిగ్గా లేవని గొడవకు వచ్చేవాళ్ళకూ అదే మందు. అందరిలోకీ గట్టి గొడవ ప్లీడరు గారిది. నెలకోసారి వచ్చేవారు. ఎడమ పక్క గుచ్చుతోందంటారు, కుడి పక్క లేస్తోందంటారు. మేష్టారు సెట్టు తీసుకుని తెర వెనక్కి వెళ్ళడం, మోటారు గుర్రుమనడం, ప్లీడరు గారు పెట్టుకుని, "ఆఁ, ఇదీ! ఇలా ఉండాలి!" అని వెళ్ళిపోవడం. మా అమ్మాయి ఆ తెరను గుడిలో తలుపును చూసినట్టు చూసేది.

ఆ తెర వెనుక సంగతి నాకు రెండేళ్ళ క్రితమే తెలుసు.

ఒక రోజు నేను వెళ్ళేసరికి మా అమ్మాయి లేదు, సెట్టు మేష్టారి చేతికిచ్చి అప్పుడే పళ్ళ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళిందట. లోపల మోటారు తిరుగుతోంది. "మేష్టారూ!" అన్నాను. పలుకు లేదు. మళ్ళీ పిలిచాను. మోటారు తిరుగుతూనే ఉంది. ఇంకేముంది, చెయ్యి అందులో పడి మనిషి సొమ్మసిల్లాడు, లోపల నెత్తురు మడుగు అనుకుని, కళ్ళు సగం మూసుకుని తెర ఎత్తాను.

మేష్టారు ముక్కాలిపీట మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మోటారు దాని మానాన అది గాలిలో తిరుగుతోంది. పళ్ళ సెట్టు తెల్లగుడ్డ మీద అలాగే ఉంది, ఆయన్ని చూసి నవ్వుతున్నట్టు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎడమ బుగ్గ మాత్రం ఇంత లావున ఉబ్బి ఉంది.

"అయ్యో, గడ్డండీ! బుగ్గలో గడ్డ!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి లేచి, వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "అరవకమ్మా తల్లీ. గడ్డా లేదు, కాయా లేదు. ఆలోచిస్తుంటే నాకు బుగ్గ ఇలా అవుతుంది."

"మరి ఈ సెట్టు? అరగదీయడం లేదేం?"

"ఎందుకు అరగదీయాలి? మీ అమ్మాయి చేసింది. దాంట్లో నేను చెయ్యడానికి ఏమీ మిగల్లేదు."

"మరి ఈ మోటారు?"

"అది మీ అమ్మాయి కోసం. చిన్నగా మాట్లాడు, వచ్చేస్తుంది."

నాకు ఒక ముక్క అర్థం కాలేదు. ఆయన గొంతు తగ్గించి చెప్పారు. "చూడమ్మా. నీ పని బాగుంది, నాతో పని లేదు అని ఇవాళ చెప్పాననుకో. రేపటి నుంచి చూపు తగ్గుతుంది. నేను తెర వెనక్కి వెళ్తున్నానంటే, నాకు తప్పు దొరక్కూడదని పది రెట్లు చూసుకుని ఇస్తుంది. ఏదో ఒక రోజు నా దగ్గరికి తేకుండా నేరుగా డాక్టరు గారికి ఇచ్చేస్తుంది. ఆ రోజు చెబుతాను, ఇద్దరం కలిసి నవ్వుకుంటాం. అంతవరకూ నీ నోట ఈ మాట రాకూడదు."

"ఎప్పుడండీ ఆ రోజు?"

"నాకేం తొందర?" అన్నారాయన.

నేను మాట ఇచ్చాను. ఇచ్చిన మాటను రెండేళ్ళు కడుపులో పెట్టుకుని మోశాను. ఆయనేమో తొందర లేదంటూనే వెళ్ళిపోయారు.

ఆయన పోయిన వారానికి మా అమ్మాయి కొట్టు తెరిచింది. తెర మాత్రం ముట్టుకోలేదు. ఊడ్చేటప్పుడు కూడా చీపురు తెర అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. అరలో పదకొండు సెట్లు బాకీ ఉన్నాయి. ఒక్కోటి చేస్తుంది. తెల్లగుడ్డ మీద పెడుతుంది. కిటికీ వెలుగులో తిప్పి చూస్తుంది. "ఏదో తక్కువైంది," అంటుంది. మళ్ళీ తన మోటారు ముందు కూర్చుని ఇంకాస్త అరగదీస్తుంది. మళ్ళీ చూస్తుంది. మళ్ళీ తక్కువే.

"ఏం తక్కువైందే?" అని అడిగాను.

"అదే తెలిస్తే ఇంకేం? మేష్టారి ఐదు నిమిషాలు తక్కువైంది."

పదకొండు మంది పళ్ళు లేకుండా ఊళ్ళో తిరుగుతున్నారు. ఒక పాటల టీచరమ్మ పిల్లలకు పాఠం మానేసి కిటికీలు మూసుకుని కూర్చుంది. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన మెత్తటి అన్నం తిని తిని విసుగెత్తి, కొట్టు ముందు రోజూ రెండుసార్లు పచార్లు చేస్తూ ఏమీ అనకుండా వెళ్ళేవారు. ఆ అనకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టేది.

ప్లీడరు గారు మాత్రం ఆగలేదు. కేసు ఉందని, సెట్టు ఉన్నది ఉన్నట్టు ఇమ్మని పట్టుకుపోయారు. అప్పటికి మా అమ్మాయి దాన్ని నాలుగుసార్లు అరగదీసి ఉంది. ఆ సాయంత్రం మా ఆయన బస్సు దిగి వచ్చి, చొక్కా విప్పకుండానే మొదలుపెట్టారు.

"విన్నావా? కోర్టులో ప్లీడరు గారి పళ్ళు ఊడి పడ్డాయట."

"ఎక్కడ?" అన్నాను.

"మంచినీళ్ళ గ్లాసులో. జడ్జిగారి గ్లాసులో కాదు, అదృష్టం, ఎదుటి ప్లీడరు గ్లాసులో. ఆయన చూసుకోకుండా తాగబోయాడట. బస్సంతా ఇదే కబురు. నవ్వు ఆపుకోలేక ఒకావిడ తన స్టాపు దాటిపోయింది."

"పిల్ల మీద కేసు వేస్తారేమోనండీ! జైల్లో పెడితే?"

"పళ్ళు లేకుండా ఎలా వాదిస్తాడే?" అని మా ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి ప్లీడరు గారు అక్కడే ఉన్నారు. మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని, ఊడిన సెట్టును బల్ల మీద పడేసి, ఏదో గర్జించబోయారు. గర్జన గాలిగా వచ్చింది. అరగంట సేపు ఆ గాలి విని ఆయన్ని పంపేసరికి పళ్ళ డాక్టరు గారి కాంపౌండరు వచ్చాడు.

"అమ్మాయ్, డాక్టరు గారు శనివారం దాకా చూస్తానన్నారు. ఆ లోపల ఒక్క సెట్టయినా సరైంది వస్తే సరే. లేకపోతే ఇకనుంచి అచ్చులన్నీ పట్నంలో కార్ఖానాకే. అక్కడ మిషను చేసేస్తుందట, చెయ్యే పెట్టరట."

"శనివారం దాకా ఎందుకు? ఇప్పుడే పంపించెయ్యమనండి," అంది మా అమ్మాయి. "నాకు చేతకాదు."

అతను నోరు వెళ్ళబెట్టి వెళ్ళిపోయాడు. నేను డబ్బా కింద పెట్టాను.

"ఏమిటే ఆ మాట? ఎనిమిదేళ్ళ పని!"

"ఎనిమిదేళ్ళూ ఆయన సరిచేసిన పనమ్మా. ఒక్క సెట్టు నాది కాదు. ఆయన లేకుండా నేను ఇచ్చిన మొదటి సెట్టు గ్లాసులో పడింది. ఇంకేం రుజువు కావాలి?"

కొట్టు పోతుంది. పిల్ల ఏ బట్టల దుకాణంలోనో మడతలు పెట్టుకుంటూ బతుకుతుంది. ఇవన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇచ్చిన మాట గొంతులో అడ్డం పడింది. మింగేసి చెప్పేశాను. మోటారు ఉత్తినే తిరిగేదనీ, సెట్టు గుడ్డ మీదే ఉండేదనీ, ఆయన బుగ్గ ఉబ్బించి కూర్చునేవారనీ.

మా అమ్మాయి నన్ను జాలిగా చూసింది. "నన్ను ఊరుకోబెట్టాలని చెబుతున్నావు."

"ఒట్టే!"

"అమ్మా, నువ్వు నా చిన్నప్పుడు సూదిమందు నొప్పి పుట్టదని కూడా ఒట్టు వేశావు."

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయనకు కొట్టు సంగతి పట్టలేదు. "రెండేళ్ళు? నువ్వు? ఒక మాట దాచావా?" అని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "ఇంకా ఏమేం దాచావే?"

సాక్ష్యం కావాలి. మేష్టారి భార్యకు తెలిసి ఉంటుంది కదా అని మర్నాడు గురువారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమెను నేను అక్కయ్యగారూ అంటాను. ఆమె వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, గిన్నెలోకి కోపంగా చూస్తోంది. చుట్టూ చిన్న చిన్న గిన్నెలు, అన్నిటిలోనూ ఒకే కూర.

"రా చెల్లీ. ఇది తిని చెప్పు, ఏం తక్కువైంది?"

అదే మాట.

తిన్నాను. ఉప్పు కషాయం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమీ కుదరడం లేదు," అంది ఆమె. "ఆయన ఉన్నన్నాళ్ళూ నేను వండి దించాక, ఆయన వచ్చి గిన్నె మీద గుప్పిట పెట్టి, ఇలా వేళ్ళు నలిపేవాడు. ఏం వేశావయ్యా అంటే చెప్పేవాడు కాదు. అప్పుడు గరిటెతో తిప్పి, 'ఇప్పుడు కుదిరింది' అనేవాడు. నిజంగానే కుదిరేది. ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ చిటికెడు ఏమిటో తెలియక చస్తున్నాను. ఆయన చొక్కా జేబులన్నీ వెతికాను. ఉప్పు చాలలేదేమో అని వేస్తున్నాను, మిరియం వేస్తున్నాను, ఏవేవో వేస్తున్నాను."

"అక్కయ్యగారూ," అన్నాను మెల్లిగా. "ఏమీ వెయ్యకుండా తిన్నారా ఒక్కసారైనా?"

"ఏమీ వెయ్యకుండా ఎలా తింటారు?"

నేను ముందు కూర్చున్నాను. తర్వాత తెర సంగతి మొత్తం చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె గరిటె కదల్లేదు. చెప్పడం అయ్యాక ఆమె ఇంకో చిన్న గిన్నెలో కాసిని ముక్కలు ఉడికించి, తన చేతికి వచ్చినట్టు ఉప్పూ కారం వేసి దించింది. గిన్నె మీద గుప్పిట పెట్టలేదు. రుచి చూసింది.

అంతే, ఆమె ముఖం ఎర్రబడింది. ఇప్పుడు ఈమె గుండె కూడా ఆగుతుందేమో, ఒకే ఇంట్లో ఇద్దరు, రెండోది కచ్చితంగా నా చేతుల మీదుగానే అనుకుంటూ నీళ్ళ చెంబు వెతుకుతున్నాను. అప్పుడు ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే తిట్టడం మొదలుపెట్టింది.

"ఖాళీ గుప్పిట! ముప్పై ఎనిమిదేళ్ళు ఖాళీ గుప్పిట చూపించి, పేరు తను కొట్టేశాడు! చుట్టాలొస్తే 'వంట మా ఆవిడదే, రుచి మాత్రం నాది' అనేవాడు చెల్లీ! నేను పక్కన నిలబడి తలూపేదాన్ని!"

"మరి మా అమ్మాయి నమ్మడం లేదండీ."

"నమ్మకేం చేస్తుంది? పద."

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయల్దేరింది. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడలేదు. నేనే రెండు వైపులా చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వెనకాల పరిగెత్తాను.

మా అమ్మాయి హెడ్మాస్టరు గారి సెట్టును మూడోసారి అరగదీయబోతోంది. అక్కయ్యగారు పలకరించలేదు. సూటిగా తెర దగ్గరికి నడిచింది.

"అమ్మగారూ, వద్దండీ," అని మా అమ్మాయి లేచింది. "అది మేష్టారి చోటు."

"ముందు నా మొగుడి చోటు, నీ మేష్టారి చోటు తర్వాత," అని ఆమె తెర సర్రున లాగేసింది.

ముక్కాలిపీట. దుమ్ము పట్టిన మోటారు. మా అమ్మాయి గడప దగ్గర ఆగినట్టు అక్కడే ఆగిపోయింది. అక్కయ్యగారు మోటారు మూతి పట్టుకుని చూసింది. అరగదీసే రాయి బిగించే చోట రాయి లేదు. అది ఖాళీగా, తుప్పు పట్టి ఉంది.

"చూడు," అంది.

మా అమ్మాయి ఒక్కో అడుగే వేసి దగ్గరికొచ్చింది. తుప్పును వేలితో తాకింది. పైన అరలో చిన్న డబ్బా కనబడింది, దాన్ని దించింది. "ఇది నేను తెచ్చిందే. ఆయన రాళ్ళు అయిపోయాయని చెబితే కొని తెచ్చాను. ఐదేళ్ళయింది." డబ్బా చుట్టూ అంటించిన కాగితం చిరగలేదు. అసలు మూతే తీయలేదు.

నేను రెండేళ్ళనుకున్నాను. ఐదేళ్ళు!

"రాయి లేకుండా అరగదీస్తే పొడి ఎక్కడ పడుతుంది?" అంటూ అక్కయ్యగారు మోటారు కింద సొరుగు లాగింది. గులాబీ రంగు పొడి పట్టే సొరుగు అది. రాలేదు. ఇంకోసారి గట్టిగా లాగింది. ఊడి వచ్చి, అందులో ఉన్నదంతా నేల మీద పడింది.

పొడి కాదు. కాగితాలు. ఎర్రవి, పచ్చవి, పసుప్పచ్చవి, మెలికలు తిరిగిన కాగితాలు, గలగలమంటూ మా కాళ్ళ మీద, పీట కింద, తెర దాకా పరుచుకున్నాయి. అక్కయ్యగారు ఒకటి తీసి వాసన చూసింది.

"పిప్పరమెంటు బిళ్ళలు," అంది.

నా బుర్రలో అప్పుడు వెలిగింది, ఆ ఉబ్బిన బుగ్గ. రెండేళ్ళు ఆ గడ్డ పెద్దదవుతోందా అని ఆయన బుగ్గనే చూసి దిగులు పడ్డాను.

"చక్కెర జబ్బు మనిషి!" అక్కయ్యగారి గొంతు లేచింది. "పదేళ్ళుగా ఇంట్లోకి తీపి రానివ్వలేదు నేను! ఆయనకు లేనిది నాకెందుకని నేను కూడా మానేశాను! చేదు కాకరకాయ రసం పొద్దున్నే ఇద్దరం తాగేవాళ్ళం! ఆయన ముఖం చిట్లించి తాగితే పాపం అనుకునేదాన్ని!" ఆమె ముక్కాలిపీట వైపు తిరిగింది, అక్కడ ఆయన కూర్చుని ఉన్నట్టే. "కట్టుడు పళ్ళు చేసేవాడివి, బిళ్ళలు నమలడానికి మోటారు వేసుకుంటావా? నాకు వినపడకూడదనా? నేను ఇంట్లో ఉంటే ఇక్కడ మోటారు ఎవరికయ్యా?"

"నాకు," అంది మా అమ్మాయి.

దాని ముఖం చూసి నేను ఒక అడుగు దగ్గరికి జరిగాను. ఏడుస్తుందో, అరుస్తుందో, ఈ దెబ్బకు మతి పోతుందో! కిందికి వంగి గుప్పెడు కాగితాలు తీసింది. అరచేతిలో చూసుకుంది.

"నేను ఒక్కో సెట్టు ఇచ్చి, తెర బయట గోళ్ళు కొరుక్కుంటూ నిలబడేదాన్ని. ఎక్కడ తప్పు చేశానా అని. ఐదు నిమిషాలు నాకు ఐదు గంటల్లా ఉండేవి. ఈయనేమో లోపల..." ఆగింది. "అమ్మగారూ, నా కోసం చేశారా, బిళ్ళల కోసం చేశారా?"

అక్కయ్యగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. "రెండిటికీ. నీ కోసం మొదలుపెట్టి ఉంటాడు. నోరు ఊరికే ఎందుకుండాలని బిళ్ళ వేసుకుని ఉంటాడు. తర్వాత ఏది దేనికో ఆయనకే గుర్తుండి ఉండదు."

మా అమ్మాయి పెదవుల చివర ఏదో కదిలింది. తర్వాత మొత్తం వచ్చేసింది. అంత నవ్వు దాని నోట నేను ఎన్నాళ్ళయిందో విని. పొట్ట పట్టుకుని, గోడకు ఆనుకుని, కాగితాల మధ్య కూలబడి నవ్వింది. అక్కయ్యగారు కూడా పక్కన కూలబడింది. దవడ పట్టేస్తుందేమో, ఊపిరి అందదేమో అని నేను ఇద్దరి వీపులూ నిమురుతూ, నిమురుతూ, ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, నేనూ నవ్వాను. నవ్వు మధ్యలో ముగ్గురం ఏడ్చాం. అది మాత్రం నోరు తెరిచే ఏడ్చాం, మా పళ్ళు మావే కనుక.

మధ్యాహ్నం మా అమ్మాయి ప్లీడరు గారి పాత అచ్చు దించి, మైనం కరిగించింది. అరగదీసిన సెట్టును చెత్తబుట్టలో పడేసి, మొదటి నుంచి కొత్తది మొదలుపెట్టింది. శుక్రవారమంతా తల ఎత్తలేదు. నేను తెచ్చిన డబ్బా వాసన చూసి పక్కన పెట్టింది. సాయంత్రానికి సెట్టు పూర్తయి గుడ్డ మీద కూర్చుంది. దాన్ని కిటికీ వెలుగులో ఒక్కసారి తిప్పి చూసింది. ఈసారి 'ఏదో తక్కువైంది' అనలేదు. మోటారు స్విచ్చు ఆపేసింది.

శనివారం పొద్దున పదింటికి ప్లీడరు గారు వచ్చారు, రుమాలుతోనే. ఆయన వెనకే కాంపౌండరు, పట్నం పంపడానికి అచ్చులు తీసుకెళ్దామని ఖాళీ అట్టపెట్టె పట్టుకుని. అక్కయ్యగారు ముందే వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను, ఏదైనా జరిగితే పరిగెత్తి మా ఆయన్ని పిలవడానికి వీలుగా. ఆయన బస్సు అప్పుడు ఊరి అవతల ఉంటుందన్నది వేరే సంగతి.

మా అమ్మాయి గుడ్డ మీద సెట్టు తీసి ఆయన ముందు పెట్టింది.

ప్లీడరు గారు సెట్టును చూశారు. పక్కకు లాగి ఉన్న తెరను చూశారు. వెనుక ఖాళీ పీటను చూశారు. లోపలికి వెళ్ళవా అన్నట్టు చేత్తో సైగ చేశారు.

"అక్కర్లేదండీ. పెట్టుకోండి."

ఆయన అటు తిరిగి పెట్టుకున్నారు. ఇటు తిరిగారు. నాలుకతో తడిమి చూసుకున్నారు. నేను కొట్టు గోడ గట్టిగా పట్టుకున్నాను.

"కుదరలేదు," అన్నారు.

కాంపౌండరు అట్టపెట్టె మూత తెరిచాడు. మా అమ్మాయి చేతులు బల్ల అంచు మీద బిగుసుకోవడం చూశాను. దాని కళ్ళు ఒక్క క్షణం తెర వెనుక మోటారు దగ్గరికి వెళ్ళాయి. వెళ్ళి ఐదు నిమిషాలు తిప్పుకుని వస్తే అయిపోతుంది. ఆయన సంతోషంగా వెళ్తారు. నేను కూడా మనసులో, వెళ్ళవే, వెళ్ళు, అంటున్నాను.

వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఎందుకు కుదరలేదో చెప్పండి ప్లీడరు గారూ. వివరంగా చెప్పండి."

ఆ మాట ప్లీడరుతో అనకూడదు. ఆయన గొంతు సవరించుకున్నారు. లేచి నిలబడ్డారు.

"వివరంగానా? విను. మొట్టమొదటి అభ్యంతరం, మేష్టారు గారి చేతి స్పర్శ లేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న చెయ్యి అది. రెండవది, శాస్త్రప్రకారం, సంప్రదాయ ప్రకారం, సెట్టును లోపలికి తీసుకెళ్ళి సవరించాలి. అది జరగలేదు. మూడవది, ఇంతకు ముందు ఈ కొట్టు ఇచ్చిన సెట్టు న్యాయస్థానంలో, సాక్షుల సమక్షంలో, ప్రతివాది తరఫు న్యాయవాది గ్లాసులో..."

సకారాలూ శకారాలూ చాకుతో కోసినట్టు వస్తున్నాయి. గొంతు వీధిలోకి వినిపిస్తోంది. రోడ్డు మీద హెడ్మాస్టరు గారు పచార్లు ఆపి గుమ్మంలో నిలబడ్డారు. ప్లీడరు గారు చెయ్యి ఊపారు, బల్ల చరిచారు, తల వెనక్కి విసిరారు. పళ్ళు గోడలో ఇటుకల్లా కదలకుండా ఉన్నాయి. నాలుగవ అభ్యంతరం అయింది, ఐదవది అయింది. ఆరవదానికి ఊపిరి తీసుకుంటున్నప్పుడు అక్కయ్యగారు చెయ్యి ఎత్తింది.

"ప్లీడరు గారూ, ఒక్క మాట. పావుగంటసేపు అరిచారు. ఏ పన్ను కదిలిందో చెప్పండి."

ఆయన ఆగిపోయారు. వేలు పెట్టి పైవరుస కదిపి చూశారు. కింది వరుస కదిపి చూశారు. ఆరవ అభ్యంతరం ఏమిటో వెతుక్కుంటున్నట్టు కాసేపు కప్పు వైపు చూసి, "సరే, దీని మీద తీర్పు ప్రస్తుతానికి వాయిదా," అని, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

గుమ్మంలో హెడ్మాస్టరు గారు మొదటిసారి నోరు విప్పారు. ఏమన్నారో తెలియలేదు కానీ వేలు మాత్రం అరలో తన సెట్టు వైపు చూపిస్తోంది.

కాంపౌండరు అట్టపెట్టె మూసేశాడు. "మిగతా పదీ ఎప్పటికిస్తావమ్మాయ్? డాక్టరు గారికి చెప్పాలి."

"బుధవారానికి ఇచ్చేస్తాను."

బుధవారానికి పది సెట్లు! అంటే తిండి ఉండదు, నిద్ర ఉండదు, కళ్ళు పీక్కుపోతాయి, చెయ్యి తడబడి వేలు మోటారులో పడుతుంది. నేను గుమ్మం దగ్గరే డబ్బా మూత తీశాను.

"ముందు ఈ నాలుగు ముద్దలూ తిని పని చేసుకో," అన్నాను.